రెండో సాక్షి

పెద్దకర్మ అయిన మూడో రోజు పొద్దున నాన్న ట్రంకుపెట్టె తెరిచాను. తాళంచెవి ఎక్కడుంటుందో చిన్నక్క ఒక్కదానికే తెలుసు. దేవుడి గూట్లో, అమ్మ కుంకుమభరిణె కింద ఉన్నదాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "చూసుకోరా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెట్టెలో పైన ఉతికి మడతపెట్టిన రెండు పంచెలు. వాటి కింద, రిటైరైన నాడు స్కూల్లో కప్పిన శాలువా. అడుగున ఒక గోధుమరంగు కవరు. అందులో మూడు కాగితాలున్నాయి.

మొదటిది, 2016లో నాన్న నా పేర రాసిచ్చిన జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. రెండోది, ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. నామినీగా నా పేరుంది. మూడోది, తెల్లకాగితం మీద నీలం సిరాతో నాన్న సొంత దస్తూరిలో రాసిన వీలునామా. 2009 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు తారీఖు వేసి ఉంది. కాగితం కింది మూల వేలిముద్రంత నూనె మరక.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఊరు తెనాలికి దగ్గరే. 1978లో ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తీసి, అమ్మ గాజులు అమ్మి, మూడెకరాల మాగాణి కొన్నారు. 1986లో రెండు గదుల డాబా వేశారు. తాతల నాటి ఆస్తి సెంటు కూడా లేదు. ఉన్నదంతా ఆయన సుద్దముక్క పట్టుకుని సంపాదించిందే.

మేం ముగ్గురం. పెద్దక్క పెళ్ళి 1980లో, చిన్నక్క పెళ్ళి 1983లో చేశారు. నేను ఆఖరివాణ్ణి. చిన్నప్పుడు ఇంట్లో ఏది పగిలినా, ఏది పోయినా నాన్న మా ముగ్గుర్నీ వరసగా నిలబెట్టేవారు. అడిగేది మాత్రం చిన్నక్కనే. "నువ్వు చెప్పమ్మా, ఏం జరిగింది?" ఓసారి ఆయన అలారం గడియారం కిందపడి అద్దం పగిలింది. పగలగొట్టింది చిన్నక్కే. చూసినవాళ్ళు ఎవరూ లేరు. నాన్న అడగ్గానే, దెబ్బ పడుతుందని కళ్ళు గట్టిగా మూసుకుని "నేనే నాన్నా" అంది. నాన్న కొట్టలేదు. ఆ సంగతి స్టాఫ్‌రూములో చెప్పుకుని నెల రోజులు మురిసిపోయారు.

అమ్మ 2007లో పోయింది. నేను హైదరాబాదులో ఉద్యోగం. నాన్న ఒక్కరే ఊళ్ళో ఉండేవారు. 2017 శ్రావణంలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నెల తిరిగేసరికి మనుషుల్ని పోల్చుకోవడం కూడా పోయింది. చిన్నక్క రేపల్లెలో బావ కిరాణా కొట్టునీ, అద్దె ఇంటినీ ఆయనకే వదిలేసి వచ్చి పదకొండు నెలలు నాన్న మంచం పక్కనే ఉంది. పొద్దున్నే ఒళ్ళు తుడిచేది. గుడ్డలు మార్చేది. జావ చెంచాతో పోసి, మింగారో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసి, అప్పుడు రెండో చెంచా పోసేది. నేను నెలకోసారి వచ్చి మందుల బిల్లులు చూసి, డబ్బిచ్చి వెళ్ళేవాణ్ణి. 2018 ఆషాఢంలో నాన్న చిన్నక్క ఒళ్ళోనే పోయారు.

పెట్టె తెరిచిన ఆ రోజు పొద్దున అందరూ హాల్లో కూర్చున్నాక వీలునామా నేనే పైకి చదివాను. పూర్తి తెలివితోను, జ్ఞాపకశక్తితోను, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్నదని మొదలైంది. కుమార్తెలిద్దరికీ పెళ్ళిళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చేశానని రాశారు. తన తదనంతరం మూడెకరాల పొలమూ, ఇల్లూ నాకే చెందాలని రాశారు. కింద ఆయన సంతకం. దాని కింద ఇద్దరు సాక్షులు. మొదటి సంతకం పక్కింటి పోస్టుమాస్టరు బాబాయిది. రెండోది చూసి నేనే ఆగిపోయాను. గుండ్రటి అక్షరాలు, చివర చిన్న కొమ్ము. చిన్నక్క సంతకం.

"దీని మీద నువ్వు సంతకం పెట్టావా?" పెద్దబావ గారు అడిగారు.

"పెట్టాను" అంది చిన్నక్క, వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ.

పెద్దక్క మొహం ఎర్రబడింది. చిన్నక్క మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆ సంక్రాంతికి అది ముందే వచ్చి అరిసెలు వండింది. నేను భోగినాడు పొద్దున గానీ రాలేదు. పిండి చేతులతో ఉన్నదాన్ని నాన్న పిలిచి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని ఉంటారు. మా ఇంట్లో నాన్న పెట్టమంటే ఎందుకని అడిగేవాళ్ళు లేరు. చదవకుండానే పెట్టి ఉంటుంది పిచ్చిది అనుకున్నాను. జాలి వేసింది. ఆ జాలి వెనకాల ఒక నిశ్చింత కూడా ఉంది. అది ఇప్పుడు ఒప్పుకోవాలి. మూడు కాగితాలూ నావైపే ఉన్నాయి కదా అన్న నిశ్చింత.

మూడు నెలలకు కోర్టు సమన్లు వచ్చాయి. పెద్దక్క భాగపరిష్కారం దావా వేసింది. పొలం, ఇల్లు, డిపాజిట్టు అన్నీ మూడు సమాన వాటాలు చేయాలని. ప్రతివాదులం నేనూ, చిన్నక్కా.

కవరు పట్టుకుని తెనాలిలో ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నాన్న దగ్గర లెక్కలు చదువుకున్నారు. "మాస్టారబ్బాయివి కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను" అని కాగితాలు బల్ల మీద పరిచారు. ముందు జీపీఏ తీశారు.

"దీంతో ఏమైనా చేశావా?"

"పొలం కౌలుకిచ్చానండి. నాన్న మంచాన పడ్డాక కౌలు కాగితం మీద ఆయన తరఫున నేనే సంతకం పెట్టాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. "1872 నాటి కాంట్రాక్టు చట్టం, 201వ సెక్షను. పవరిచ్చిన మనిషి పోతే పవరు పోతుంది. ఆయన బతికే ఉన్నా మతి పోతే, అప్పుడూ పోతుంది. ముసలాయన లేవలేని రోజున అక్కరకొస్తుందనే కదా అందరూ జీపీఏ రాయించుకునేది! కాళ్ళూ చేతులూ పడిపోయినా మతి ఉన్నంతకాలం అది పనిచేస్తుంది. మతి తప్పిన రోజున, సరిగ్గా అవసరం పడ్డ రోజునే, అది చిత్తుకాగితం. మీ నాన్నగారు నిన్ను పోల్చుకోలేకపోయిన నాడే ఇది అయిపోయింది."

డిపాజిట్ రసీదు తీశారు. "ఇది?"

"నామినీని నేనేనండి."

"నామినీ అంటే డబ్బందుకునే చెయ్యి. తినే నోరు కాదు. బ్యాంకు నీ చేతికే ఇస్తుంది, అక్కడితో దాని బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత అది ఎవరికి చెందాలో వీలునామా చెప్పాలి. వీలునామా లేకపోతే వారసత్వ చట్టం చెప్పాలి. బీమా పాలసీ నామినీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది." రసీదు తారీఖు చూశారు. "ఇది 2012లో వేశారు. వీలునామా 2009ది. అందులో పొలం, ఇల్లు అని విడిగా రాశారు గానీ, మిగతా ఆస్తి అనే మాటే లేదు. రాయనిదానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే దిక్కు. అమ్మగారు లేరు కాబట్టి ముగ్గురు పిల్లలకూ సమానం. రెండేసి లక్షలు మీ అక్కలకు ఇచ్చెయ్యి."

మూడో కాగితం ఆయన చాలాసేపు చూశారు. నాకు గొంతు ఎండిపోయింది. నాకున్న అనుమానాలన్నీ ఒక్కసారే బయటపెట్టాను. "తెల్లకాగితం మీద రాశారండి. స్టాంపు పేపరు కాదు. రిజిస్ట్రేషనూ చేయించలేదు."

"వీలునామాకు స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషను మన ఇష్టం. ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు, ఆఖరుగా రాసిందే చెల్లుతుంది. స్వార్జితం కాబట్టి మాస్టారు ఎవరికైనా రాయొచ్చు. అదే తాతల ఆస్తి అయితే తన వాటా వరకే రాయగలిగేవారు. అన్నీ బాగానే ఉన్నాయి. అసలు సంగతి ఒకటుంది. వీలునామా రాసినాయన వచ్చి సాక్ష్యం చెప్పలేడు కదా. అందుకని 1925 నాటి భారత వారసత్వ చట్టం ఇద్దరు సాక్షుల్ని అడుగుతుంది. ఆయన సంతకం పెట్టడం వాళ్ళు కళ్ళారా చూసి ఉండాలి, లేదా పెట్టానని ఆయన నోటితో విని ఉండాలి. ఆయన ఎదుట వాళ్ళూ సంతకాలు పెట్టాలి. వాళ్ళలో బతికున్నవాళ్ళు కనీసం ఒకరు కోర్టుకొచ్చి ఆ మాట చెప్పాలి. రిజిస్టరైన వీలునామాకైనా ఇది తప్పదు. మొదటి సాక్షి?"

"పోస్టుమాస్టరు బాబాయి 2014లో పోయారండి."

"రెండో ఆవిడ?"

"మా చిన్నక్క."

ఆయన కళ్ళజోడు తీశారు. "ఆ అమ్మాయికి ఇందులో ఏం రాశారు?"

"ఏమీ రాయలేదండి."

"ఇది నిలబడకపోతే?"

నేను మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. "ఎకరం పొలం, ఇంట్లో మూడోవంతు వస్తాయి. నిలబడితే ఏమీ రాదు. నిలబెట్టాల్సింది ఆవిడే. ఆవిడ 'గుర్తులేదు' అంటే వేరే ఆధారాలతో లాక్కురావడానికి చట్టంలో దారి ఉంది గానీ, తాడు మీద నడకే. నలభై ఏళ్ళుగా ఈ కోర్టులో ఉన్నాను. ఇలాంటి సాక్షిని పెట్టుకున్న వీలునామా చూడలేదు."

బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాను. ఈ ప్రశ్నలన్నీ నాన్న వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుకునే రోజుల్లో అడగాల్సినవి. ఆయన ఎదుట, ముగ్గురం కలిసి అడగాల్సినవి. మన ఇళ్ళలో వీలునామా మాటెత్తితే పెద్దవాళ్ళ చావు కోరినట్టే. అందుకని ఎవరూ అడగరు. వాళ్ళూ చెప్పరు. చివరికి అన్నిటికీ జవాబులు పరాయి మనిషి బల్ల మీద, గంటకింత ఫీజు కట్టి తెలుసుకుంటాం. అప్పటికి అసలు ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఉండడు. అమ్మా నాన్నా ఉన్నవాళ్ళు ఈ మాట నా దగ్గర తీసుకోండి. అడగండి. చావు గురించి కాదు, వాళ్ళ మనసులో ఏముందో అడగండి.

దావా నడుస్తోంది. వాయిదా మీద వాయిదా. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు పేపర్లలో వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు ఉంటుందని, 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని. పెద్దబావ గారు ఆ పేపరు పట్టుకుని ఊరంతా తిరిగారు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన చట్టం అంతకుముందే పెళ్ళిళ్ళయిన ఆడపిల్లల్ని వదిలేసింది. ఆ వదిలేసినవాళ్ళలో మా అక్కలిద్దరూ ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఆడపిల్లల వైపు నిలబడిందంటే ఎవరికైనా గుండె పొంగుతుంది. మా ప్లీడరు గారు పేపరు చదివి మడిచారు. "మంచి తీర్పు. కానీ ఇది తాతల ఆస్తికి. స్వార్జితం మీద వీలునామా ఉంటే, చట్టం పెట్టిన అన్నం కంచం ఒక్క కాగితంతో లాగేయొచ్చు. మీ ఇంట్లో జరిగింది అదే" అన్నారు. నాకు అనుకూలమైన మాటే. ఎందుకో తల ఎత్తి ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

2022లో చిన్నక్క సాక్ష్యానికి వాయిదా పడింది. వారం ముందు పెద్దబావ గారు రేపల్లె వెళ్ళారట. ఆ సంగతి చిన్నబావ నాతో చెప్పారు. "అబద్ధం ఆడమనట్లేదమ్మా. పదమూడేళ్ళ కిందటి ముచ్చట. గుర్తులేదు అను. ఆ ఒక్క ముక్క చాలు. ఎకరం నీ చేతికొస్తుంది" అన్నారట. చిన్నక్క కాఫీ ఇచ్చి పంపించిందట, ఏమీ అనకుండా.

వాయిదా రోజు తెల్లవారుజామున కారు తీసుకుని రేపల్లె వెళ్ళాను. అద్దె ఇంట్లో ముందు రెండు గదులు, వెనక రేకుల వంటిల్లు. చిన్నక్కకు అప్పటికి యాభై తొమ్మిది. మోకాళ్ళ నొప్పులు. ఉతికిన నేత చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరింది. దారిలో పొలాల మీద మంచు ఇంకా విడలేదు. భట్టిప్రోలు దాటాక ధైర్యం చేసి అన్నాను.

"చిన్నక్కా, తీర్పు మనవైపు వస్తే ఎకరం నీ పేర రాసేస్తాను."

అది కిటికీలోంచి తల తిప్పలేదు. "కోర్టుకెళ్ళేటప్పుడు ఆ మాట అనకురా. సాక్ష్యానికి రేటు కట్టినట్టుంటుంది."

తర్వాత తెనాలి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

కోర్టు హాలు నిండా జనం. ఫ్యాను శబ్దం చేస్తూ తిరుగుతోంది. చిన్నక్క బోనులోకి ఎక్కి కొయ్యకమ్మి పట్టుకుని నిలబడింది. దైవసాక్షిగా అని చెప్పమంటే మెల్లగా చెప్పింది. అవతలి ప్లీడరు పెద్ద గొంతు ఉన్నాయన. వీలునామా చేతికిచ్చి అడిగారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఆ రోజు మీరు వంటింట్లో అరిసెలు వండుతున్నారు. అవునా?"

"అవునండి."

"మీ నాన్నగారు అప్పటికే తన సంతకం పెట్టేసి, కాగితం మడిచి, కింద ఖాళీ చూపించి సంతకం పెట్టమన్నారు. ఆయన సంతకం చేయడం మీరు చూడలేదు. పదమూడేళ్ళయింది. గుర్తు లేకపోయినా తప్పేం లేదమ్మా. గుర్తులేదని చెప్పండి చాలు."

దారి పరిచి, తలుపు తెరిచి పెట్టారాయన. ముందు వరసలో పెద్దబావ గారు కొంచెం వంగి కూర్చున్నారు. నా అరచేతులు తడిసిపోయాయి.

చిన్నక్క కాగితం మూలనున్న మరక మీద బొటనవేలు పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"గుర్తుందండి" అంది. "నేను వంటింట్లోంచి వచ్చేదాకా నాన్న కలం మూత తియ్యలేదు. పోస్టుమాస్టరు బాబాయి గారు ఆ పక్క కుర్చీలో కూర్చున్నారు. మేమిద్దరం చూస్తుండగానే నాన్న సంతకం పెట్టారు. తర్వాత బాబాయి గారు పెట్టారు. తర్వాత నేను. చెయ్యి తుడుచుకోమ్మా అన్నారు నాన్న. తుడుచుకున్నాను గానీ నూనె పోలేదు. ఈ మరక నా వేలిదేనండి."

అవతలి ప్లీడరు ఒక్క క్షణం ఆగారు. చేజారిపోతున్నదాన్ని ఎలాగైనా పట్టుకోవాలన్నట్టు గొంతు పెంచారు. "అందులో ఏం రాసుందో తెలియక పెట్టారు కదా! మీకు చిల్లిగవ్వ రాయలేదని తెలిస్తే ఏ కూతురైనా సంతకం పెడుతుందా?"

మా ప్లీడరు గారు లేచారు. సాక్షికి అందులో ఏముందో తెలియనక్కర్లేదని, సంతకం చూస్తే చాలని చట్టం చెబుతుంది. ఆ మాట అనడానికే లేచారు. ఈలోపే చిన్నక్క జవాబు చెప్పేసింది.

"తెలుసండి. నాన్న చదవమన్నారు. మొత్తం చదివాకే పెట్టాను."

జడ్జి గారు రాస్తున్న కలం ఆపి తలెత్తి చూశారు.

నాకు చెవుల్లో హోరు. మొత్తం చదివింది. 2009లోనే చదివింది. అంటే ఆ పండగకి నా పిల్లలకు అరిసెలు కట్టిచ్చిన నాటికే తెలుసు. ఏటా తొలి ఏకాదశికి పేలపిండి పట్టుకుని నాన్న దగ్గరికి వచ్చినప్పుడల్లా తెలుసు. అద్దె పెంచారని బావ దిగులు పడుతున్నప్పుడూ తెలుసు. పదకొండు నెలలు జావ పోసి, గొంతు మీద వేలు పెట్టి చూసినన్నాళ్ళూ తెలుసు. ట్రంకుపెట్టె తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి "చూసుకోరా" అన్న రోజున, పెట్టె అడుగున ఏముందో నాకు తెలియదు. దానికి తెలుసు.

2023 వేసవిలో తీర్పు వచ్చింది. వీలునామా రుజువైందన్నారు. పొలమూ ఇల్లూ నావి. డిపాజిట్టు ముగ్గురిదీ. తీర్పులో చిన్నక్క సాక్ష్యం గురించే రెండు పేజీలు ఉంది. తన నష్టానికి తానే సాక్ష్యం చెప్పిన మనిషిని నమ్మకపోవడానికి కారణం కనబడదని రాశారు.

కారులో నేను అన్న ఎకరం మాట తీర్పు వచ్చాక మళ్ళీ ఎత్తలేదు. చిన్నక్కా ఎత్తలేదు. మా అబ్బాయి ఫీజులు, ఫ్లాటు వాయిదాలు అంటూ రోజులు జరిపాను. ఎనిమిది నెలలు జరిపాను. ఒక రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. మర్నాడే తెనాలి వెళ్ళి ఎకరానికి గిఫ్టు దస్తావేజు ముసాయిదా రాయించాను. ప్లీడరు గారు చదివి ఇస్తూ, "గిఫ్టు చెల్లాలంటే పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకోవాలయ్యా. అది మర్చిపోకు" అన్నారు.

అటునుంచి అటే రేపల్లె వెళ్ళాను. 2024 సంక్రాంతికి నాలుగు రోజులుంది. చిన్నక్క రేకుల వంటింట్లో పీట మీద కూర్చుని అరిసెలు వత్తుతోంది. బెల్లం పాకం వాసన గుమ్మందాకా వస్తోంది. నేను ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాను. కాగితం తీసి అది ఏమిటో చెప్పాను. అది విన్నది. మొహంలో కోపం లేదు, సంతోషం లేదు.

"చేతులు పిండిగా ఉన్నాయిరా. అక్కడ పెట్టు" అంది.

అరిసె నూనెలో వేసింది. అది పొంగి పైకి తేలేదాకా చూసింది. నేను ఆగలేకపోయాను.

"ఒకటి చెప్పు చిన్నక్కా. చదివావు కదా. నీకేమీ లేదని తెలుసు కదా. నాన్నను ఎందుకని ఒక్క మాట అడగలేదా? ఆ సంతకం ఎలా పెట్టావే?"

చిన్నక్క అరిసెను తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి, నూనె కారిపోయేదాకా మెల్లగా నొక్కింది.

"అడగలేదురా. పొలం రాయడానికి నాన్నకు కొడుకు కనబడ్డాడు. అబద్ధం చెప్పని మనిషి కావలసి వచ్చేసరికి, ముగ్గురిలోనూ నేను కనబడ్డాను. ఆయన నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. కోర్టులో గుర్తులేదని ఒక్క మాటంటే, అదీ పోయేది."